వెనక స్పీకర్ల చప్పుడు

నిన్న పక్క ఫ్లాటు అమ్మాయి వచ్చి, కొత్తగా హోమ్ థియేటర్ పెట్టించామని, చప్పుడు ఎక్కువైతే మొహమాటపడకుండా చెప్పమని అడిగి వెళ్లింది. పరవాలేదమ్మా అన్నాను గానీ, తలుపు వేసుకోగానే వెళ్లి ఆ పక్క గోడకు చెవి ఆనించాను. హోమ్ థియేటర్ అనగానే ఎవరికైనా సినిమాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం మా ఆయన చెవులు గుర్తొస్తాయి.

అప్పట్లో మేం దేవసూగూరు పక్కన కరెంటు ప్లాంటు కాలనీలో ఉండేవాళ్లం. మా ఆయనది టర్బైన్ సెక్షన్. ఆ టర్బైన్ హాలును నేను ఆయుధపూజ రోజు, ఇళ్లవాళ్లను లోపలికి రానిచ్చినప్పుడు చూశాను. పక్క మనిషి గొంతు చించుకున్నా పెదాలు కదలడమే గానీ మాట వినపడదు. అంత హోరులో ఈయన ఒక ఇనుప కడ్డీ తీసుకుని, ఒక కొస బేరింగు మీద, రెండో కొస ఎడమ చెవి దగ్గర ఆనించి, లోపల ఏది అరుగుతోందో చెప్పేసేవారట. వేరే షిఫ్టు వాళ్లు కూడా జీపు పంపి పిలిపించుకునేవాళ్లు. దాంతో ఆయన చెవులకు మా ఇంట్లో ఒక హోదా ఉండేది. పప్పు ఉడికిందో లేదో కూడా చప్పుడు విని చెబుతానని కోతలు కోసేవారు. చెప్పేవారు కూడా. సగం సార్లు అడుగంటేది.

డీవీడీలు కొత్తగా వచ్చిన రోజులవి. రాయచూరు బజారులో టీవీల దుకాణం నడిపే మా తమ్ముడు ఒక ఆదివారం ఆరు పెట్టెలు మోసుకుని బస్సు దిగాడు. వాడికి ప్రతిదానికీ ఒక పద్ధతి. సోఫా నుంచి ఒక్కో స్పీకరుకు ఎంత దూరమో టేపు పెట్టి కొలిచాడు. మాటలు వచ్చే స్పీకరు సరిగ్గా టీవీ కిందే ఉండాలన్నాడు. "మాట మనిషి నోట్లకెల్లి రావాలె అక్కా, గోడలకెల్లి కాదు." దబదబలాడే పెద్ద పెట్టెను తీసుకుపోయి సోఫాలో కూర్చోబెట్టి, తను గది మూలమూలలా పాకుతూ, ఎక్కడ ఆ మోత నిండుగా వినిపించిందో అక్కడికి దాన్ని మార్చాడు. ఉత్త సిమెంటు గోడలకు చప్పుడు తగిలి గణగణమంటోందని నా పాతచీరల బొంత తీసుకెళ్లి వెనక గోడకు మేకులు కొట్టి వేలాడదీశాడు. నాకు ఒళ్లు మండింది. కానీ సినిమా వేశాక తెరమీదికి ఇంకా రాని గుర్రబ్బండి నా వెనక నుంచి వస్తే, ఉలిక్కిపడి వంటింటి వైపు తిరిగాను. బొంత సంగతి మరిచిపోయాను.

"వెనక ఎడమది పనిచేస్తలేదు" అన్నారు మా ఆయన.

"పనిచేస్తుంది బావా, జర మనసు పెట్టి వినుండ్రి" అన్నాడు తమ్ముడు. ఈయన మొహం ముడుచుకున్నారు.

తమ్ముడు బస్సెక్కాడో లేదో ఈయన రిమోటు పట్టుకున్నారు. ఆదివారం ఆదివారానికీ ఎడమ పెట్టె మోత పెరిగింది, సన్న చప్పుళ్లు సూదులైపోయాయి. గాజులు గలగలమంటే నా పళ్లు జివ్వుమనేవి. చెవుల్లో దూది పెట్టుకుని సినిమా చూసిన ఆడదాన్ని ఆ కాలనీలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. తీర్పు చెప్పమని ఆయన తన షిఫ్టు వాళ్లను ముగ్గురిని పిలుచుకొచ్చారు. వాళ్లు టీలు తాగి, తలలు వంచి విని, బాగా కుదిరిందని తేల్చారు. వాళ్లలో కన్నడాయన, ఇప్పుడు సరిపోయింది చూడండన్నట్టు, "ఈగ సరి ఆయ్తు నోడ్రి" అని ఈయన భుజం కూడా తట్టాడు. అదే సమయానికి ఎదుటి క్వార్టరావిడ కిటికీలు మూసుకుంటోంది. నలుగురు మగవాళ్లకు బాగున్నది నాకెందుకు బాగాలేదో తెలియక, పెట్టెలే ఖరాబయ్యాయనుకుని తమ్ముణ్ణి మళ్లీ పిలిపించాను.

వాడు ఒక్క నిమిషం విని, గబగబా తగ్గించి, సంచిలోంచి పరీక్ష డిస్కు తీశాడు. అందులో పాటా మాటా ఏమీ ఉండవు, ఒక ఈల మాత్రం లావుగా మొదలై సన్నబడుతూ పోతుంది. "వినపడినంతసేపు చెయ్యెత్తుండ్రి" అన్నాడు. ఆ రోజూ సినిమాకని వచ్చి కూర్చున్న షిఫ్టు వాళ్లు ముగ్గురు, మా ఆయన, నేను. ఈల సన్నబడే కొద్దీ ఆ ముగ్గురి చేతులూ ఒక్కొక్కటే దిగాయి. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మా ఇద్దరివే మిగిలాయి. ఎంతైనా మా ఆయన చెవులు అని గర్వంగా అటు తిరిగాను. ఆయన స్పీకర్ల వైపు చూడటం లేదు. నా చేతిని చూస్తున్నారు. ఈల మోగుతూనే ఉంది, నేను చెయ్యి దించాను. ఆయన చెయ్యీ దిగింది. మళ్లీ ఎత్తాను. ఎత్తారు. తమ్ముడూ చూశాడు. వెంటనే డిస్కు తీసేశాడు.

అందరూ వెళ్లాక అడిగేశాను. "మీరు నా చెయ్యి చూసి ఎత్తిండ్రు."

"ఊకో" అన్నారు. రిమోటు టీవీ మీద పెట్టేసి అన్నారు, "దవాఖానల గూడ గంతే. కాంపౌండరు బటన్ నొక్కితే భుజం కదుల్తది. నాకది చాలు."

ఏటేటా కాలనీ దవాఖానలో జరిగే చెవి పరీక్ష సంగతి అది. ఆయనను కాంపౌండరుకు ఎదురుగా కూర్చోబెట్టేవాళ్లు. చెవులకు తొడిగిన దాంట్లో ఈల వినపడితే వేలెత్తాలి.

"ఎన్నేండ్ల సంది?"

"నాలుగేండ్లు."

కడ్డీ పెట్టుకున్నా సన్నటి గీకుడు ఇప్పుడు అందడం లేదని, మిగతాది చేత్తో తాకి అదురును బట్టి ఊహించి చెబుతున్నానని కూడా ఒప్పుకున్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "మీ మాట నమ్మి ఆ మిషను పక్కన నిలబడేటోళ్లకు ఏమన్నయితే?" అన్నాను. వచ్చే వారమే మళ్లీ పరీక్ష. తప్పితే టర్బైన్ దగ్గర నుంచి తీసేస్తారు, ఈ మనిషి తట్టుకోలేడు. నెగ్గితే ఇంకా భయం. బూడిద లారీలు తిరిగే రోడ్డు మీద ఆయన స్కూటరు కాలనీ మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడేదాన్ని.

పరీక్ష రోజు మధ్యాహ్నం వచ్చి, చెప్పులు విప్పుతూ చెప్పారు. "కుర్చీ గోడ దిక్కు తిప్పుకొని కూసున్న."

నెలలోపే స్టోర్సు ఆఫీసుకు వేశారు. జీపు రావడం ఆగిపోయింది. కొన్నాళ్లు ఆ పెట్టెల మీద గుడ్డ కప్పేసి ఉంచారు. తరువాత ఒక ఆదివారం తమ్ముణ్ణి పిలిచి, అన్నీ మొదటి రోజు ఎట్లా పెట్టావో అట్లాగే పెట్టమన్నారు. నన్ను తన కుడిపక్కన కూర్చోమన్నారు. "వెనకకెల్లి ఏమొస్తదో నాకు చెప్పుకుంట పో" అన్నారు.

చెబుతూ పోయాను. ఎవరో నడిచి వస్తున్నారు, కుక్క మొరుగుతోంది, చినుకులు పడుతున్నాయి. నేను చెప్పే లోపల ఆ అడుగులు ఆగిపోయేవి, ఆ వాన వెలిసిపోయేది. ఆయన మాత్రం అప్పుడే మొదలైనట్టు తల ఊపేవారు. లోకం కంటే ఒక్క క్షణం వెనకగా, మేమిద్దరం చాలా ఏళ్లు అట్లా పక్కపక్కన కూర్చున్నాం.