మా మేనత్త వద్దన్న ఫిల్టరు

నా చిన్నప్పుడు మా మిరప పొలాల ఊళ్లో కారు తోలే ఆడమనిషి మా మేనత్త ఒక్కతే. పక్క సీట్లో కూర్చున్న నా గొప్ప చూడాలి! దారిన పోయే ప్రతివాళ్లకీ చెయ్యూపేదాన్ని. మా తాతయ్యకు మాత్రం కూతురి డ్రైవింగు మీద నమ్మకం లేదు. ఓ రోజు మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ అమరావతి వెళ్లాలి. పొద్దున్నే గుంటూరు వెళ్లి ఇంజిన్ ఆయిలు మార్పించుకొస్తానంది అత్త.

"భోజనాల వేళకి కారు గుమ్మంలో ఉండాలమ్మా. లేకపోతే డ్రైవర్ని పిలుస్తా. మళ్లీ స్టీరింగు ముట్టుకోవద్దు" అని తేల్చి చెప్పేశాడు తాతయ్య.

నేనూ అత్తతో బయలుదేరాను. గుంటూరు బ్రాడీపేటలో మెకానిక్ పాత ఆయిలు దించేసి, ఆయిల్ ఫిల్టరు తీసి అత్త చేతిలో పెట్టి, కొత్తది తెమ్మన్నాడు. ఆ రోజుల్లో అది మడతలు పెట్టిన కాగితపు చుట్ట, నడిమధ్య రంధ్రం; ఇంజిన్లో ఓ గొట్టానికి తొడిగి పైన మూత బిగిస్తారు. ఆయిల్లోని మురికిని పట్టేసి ఇంజిన్ అరగకుండా కాపాడుతుంది. ఎదురు కొట్లో అడగ్గానే అచ్చం అలాంటిదే ఇచ్చారు. నేను ఎగిరి గంతేశాను. అత్త మాత్రం పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఎత్తు చూసింది, రంధ్రంలో వేలు పెట్టి చూసింది. కొత్తదాని రంధ్రం వదులుగా ఉందంది.

"మూత పడుద్దమ్మా, బండి బ్రహ్మాండంగా నడుసుద్ది" అన్నాడు కొట్టాయన.

నాకు ఏడుపొక్కటే తక్కువ. టైమైపోతోందని కొంగు పట్టి లాగాను. అత్త కోప్పడలేదు. పక్కనున్న టీ బడ్డీకి తీసుకెళ్లి, వడపోసే గుడ్డని గ్లాసు మూతికి సగం దాకానే పట్టి టీ పోయించి, నన్ను తాగమంది. నోటి నిండా టీ పొడి! నేను ఉమ్మేస్తుంటే పకపకా నవ్వింది.

"గుడ్డ మంచిదేనే. పక్కన సందుంటే టీ గుడ్డలోంచి ఎందుకు దిగుద్ది? ఇంజిన్ నీలాగా ఉమ్మెయ్యలేదు కదా!"

ఇక రిక్షా ఎక్కి కొట్టుకొట్టుకీ తిరిగాం. పాత ఫిల్టరు నా ఒళ్లోనే ఉంది, గౌనంతా నల్లటి ఆయిలు. చివరికి ఓ ఇరుకు కొట్లో దొరికింది. ఈసారి వేలు పెట్టి చూసింది నేనే. సందు లేదత్తా అని నేను పెట్టిన కేకకి కొట్టాయన ఉలిక్కిపడ్డాడు.

మేం ఇల్లు చేరేసరికి అందరి భోజనాలూ అయిపోయాయి. అరుగు మీద పక్క ఊరి డ్రైవరు సిద్ధంగా కూర్చునున్నాడు. నేను అత్త వెనక నక్కాను. అత్త సాకులు వెతకలేదు. మొదట దొరికిన ఫిల్టరు సరైంది కాదని, అందుకే ఆలస్యమైందని చెప్పింది.

"అది బిగిస్తే ఇవాళ బండి ఆగేదా?" అన్నాడు తాతయ్య.

"ఆగేది కాదు నాన్నా. ఎవరికీ తెలిసేది కూడా కాదు."

 తాతయ్య డ్రైవరు వైపు తిరిగి, "భోంచేసి వెళ్లవయ్యా. మా అమ్మాయి తోలుద్ది" అన్నాడు.

నేను వేసిన చిందులు ఇన్నీ అన్నీ కావు! తీరా బయలుదేరాక తాతయ్య నా సీటు లాక్కున్నాడు. ఊరు దాటామో లేదో, హాయిగా నిద్రపోయాడు. కూతురు తోలుతుంటే ఆయన కన్నుమూయడం... అదేలెండి, కునుకు తీయడం అదే మొదటిసారి. ఇప్పటికీ ఎవరి కంటా పడని పని చేస్తున్నప్పుడు నేను మరికాస్త జాగ్రత్త పడతాను. నా మీద భరోసాతో ఎవరో ఒకరు పక్కనే నిద్రపోతుంటారు కదా.