అగాపిటోస్ మాస్టారి గురక

అగాపిటోస్ మాస్టారికి ఉన్న అవలక్షణం ఒక్కటే. పాఠం మధ్యలో నిద్రపోయేవారు. ఏదో కునుకు అనుకునేరు. గడ్డం గుండెల మీద వాలేది, కళ్లజోడు ముక్కు చివరికి జారేది, ఆ తర్వాత మొదలయ్యే గురక విని గ్రీసు దేశపు సీరోస్ దీవి రేవులో కొత్తగా దిగిన నావికులు ఎవరో లంగరు గొలుసు లాగుతున్నారనుకుని తల తిప్పి చూసేవారు.

అలాగని చదువు తక్కువా? ప్రాచీన గ్రీకు గ్రంథాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. పారిస్ నుంచీ వియన్నా నుంచీ పండితులు సందేహాలు రాసి పంపేవారు. ఓసారి జర్మనీ పండితుడొకాయన రెండు సముద్రాలు దాటి స్వయంగా వచ్చాడు. వచ్చేసరికి మాస్టారు గురక పెడుతున్నారు, ఎదురుగా ఒక పిల్లవాడు పాఠం చదువుతున్నాడు. జర్మనీ ఆయన టోపీ తీసి గంటసేపు నిలబడి, "ఇక్కడి గురువులు నిద్రలోనూ బోధిస్తారు" అని భక్తిగా పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు.

మలామోకి అంత భక్తి లేదు. మాస్టారు పదమూడేళ్లుగా ఆవిడ ఇంట్లోనే అద్దెకుంటున్నారు. ఆయనకి చేపలు వేయించేది, చొక్కాలు ఉతికేది, ఊరు వెక్కిరిస్తే ఊరందరితోనూ ఒక్కతే పోట్లాడేది.

"మీ మాస్టారు నిన్న కూడా మోగించాడటగా!" అనేది పొరుగింటావిడ.

"మోగిస్తే నీ చెవులరిగాయా? మా రెండు గదులకీ మధ్య ఒక్క చెక్క గోడే అడ్డం. రాత్రుళ్లు కాగితాలు తిప్పే చప్పుడు తప్ప ఆ గదిలోంచి ఇంకో చప్పుడు నేనెరగను. ఇంట్లో నిద్రపోని మనిషి ఎక్కడో ఒకచోట పోవద్దూ?"

"దానికి బడే దొరికిందా?"

మలామో తలుపు ధడాలున వేసేది.

ఈ గోల చివరికి తోళ్ల వ్యాపారి కోజాదినోస్ చెవిన పడింది. బడి పెద్దలకి ఆయనే పెద్ద. మనిషి నిండు పీపా, కోపం ముక్కు మీదే ఉంటుంది. నేరుగా ఇంటికే వచ్చాడు.

"మాస్టారూ, వచ్చే నెల బహిరంగ పరీక్షలు. బిషప్పుగారొస్తారు, ఊరంతా వస్తుంది. అందరి ముందూ మీరు గురక పెట్టారా, మర్నాడు మీరూ మీ పెట్టే ఓడలో ఉంటారు!"

"ఏ ఓడండీ?" అన్నారు మాస్టారు.

"ఏదైతేనేం!"

"అది కాదండీ. పుస్తకాలకి తడి తగలకూడదు కదా."

మలామో నెత్తి కొట్టుకుంది. ఈ వయసులో ఆయనకి ఇంకో బడి ఎవరిస్తారు? ఇంకెవరు వండిపెడతారు?

పరీక్ష రోజు పొద్దున్నే ఆవిడ రంగంలోకి దిగింది. నాలుగు కప్పుల కాఫీ తాగించింది. జేబులో కోసిన ఉల్లిపాయ పెట్టింది. చొక్కా కాలరుకి గంజి దట్టంగా పట్టించి చెక్కలా చేసింది.

"గడ్డం వాలాలన్నా వాలదిక. నిద్రపోనని సెయింట్ నికోలస్ మీద ఒట్టేయండి."

"నిద్రపోను. ఒట్టు," అన్నారు మాస్టారు, కళ్లు తుడుచుకుంటూ. అది ఉల్లిపాయ మహిమ.

బడి కిటకిటలాడిపోయింది. ముందు వరసలో బిషప్పుగారు, పక్కన కోజాదినోస్. కోజాదినోస్ పిల్లల్ని చూస్తేనా, మాస్టారి రెప్పల్నే చూస్తున్నాడు. మాస్టారు గుడ్లగూబలా కళ్లు విప్పుకుని కూర్చున్నారు. పదకొండు మంది పాఠం ఒప్పజెప్పారు, రెప్ప వాలలేదు. మలామోకి ఛాతీ ఉప్పొంగింది.

పన్నెండోవాడు యాకూమిస్. మలామో అక్క కొడుకు, తల్లి పోతే ఈవిడే పెంచింది. వాడికి నత్తి. వాడు భోజనాల దగ్గర ఉప్పు అడగడం పూర్తయ్యేసరికి కూర చల్లారిపోయేది. బడిలో బాగానే చెబుతున్నాడని మాస్టారంటే, మంచి మనిషి కాబట్టి అంటున్నారని అనుకునేది.

"ఓ... ఓ... ఓ ఏ... ఏథె..." అన్నాడు యాకూమిస్. వెనక వరసలో కిసుక్కుమన్నారు. వాడి ముఖం కందగడ్డయింది.

మాస్టారు వాణ్ని చూశారు. ఓడ గుర్తొచ్చిందో ఏమో, కిటికీలోంచి రేవు వంక ఒకసారి చూశారు. ఆ తర్వాత తీరిగ్గా కాలరు గుండీ విప్పేసి, గడ్డం గుండెల మీద వాల్చి, కిటికీలు అదిరేలా గురక పెట్టారు.

"అయిపోయింది," అని మలామో కళ్లు మూసుకుంది.

జనం నవ్వు కాస్తా యాకూమిస్‌ని వదిలేసి మాస్టారి మీదకి మళ్లింది. కోజాదినోస్ లేచి నిలబడ్డాడు. "చూశారా స్వామీ! చూశారా!"

"కూర్చోండి," అన్నారు బిషప్పుగారు. "పిల్లవాడు మాట్లాడుతున్నాడు."

నిజమే. మాట్లాడుతున్నాడు! రోజూ విన్న గురకే కదా, వాడి నాలుకకి ముడి వీడింది. "ఓ ఏథెన్సు పౌరులారా!" అంటూ ప్రాచీనుల ప్రసంగం గలగలా చెప్పుకుపోతున్నాడు. మధ్యలో ఒక వాక్యం దాటేశాడు. గురక టక్కున ఆగింది. యాకూమిస్ వెనక్కెళ్లి ఆ వాక్యం చెప్పాడు. గురక మళ్లీ మొదలైంది.

మలామో కళ్లు తెరిచింది. పదమూడేళ్లు. పల్చటి చెక్క గోడ. ఎన్నడైనా ఒక్క గురక వినపడిందా? "నా మతి మండా! ఈయనకి గురకే రాదు!" అంది బిగ్గరగా.

"ఇప్పుడా తెలిసింది అత్తా?" అని వెనకనుంచి ఓడ కెప్టెన్ మవ్రీస్ లేచాడు. "నా నత్తికి మూడేళ్లు పెట్టారు గురక. ఆయన వినడం లేదనుకుంటేనే నాకు మాట వచ్చేది. కోజాదినోస్‌గారూ, ఏథెన్సులో లాయరైన మీ పెద్దాడున్నాడే, వాడికి నాలుగేళ్లు!"

బడి పైకప్పు లేచిపోయేలా చప్పట్లు. యాకూమిస్‌ని భుజాల మీదకెత్తేశారు. మలామో జనాన్ని తోసుకుంటూ మాస్టారి దగ్గరకెళ్లింది. "మరి ఒట్టేశారుగా!"

ఆయన ఒక కన్ను తెరిచారు. "నిద్రపోనని కదా వేశాను. ఎక్కడ పోయాను?"

బిషప్పుగారు నవ్వాపుకుని, "సరే, తీర్పు పెద్దాయనే చెప్పాలి," అన్నారు.

కోజాదినోస్ లేచాడు. ఊరంతా ఆయన్నే చూస్తోంది. "మా... మా... మాస్టారు..." అని ఆగిపోయాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

మాస్టారు కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, గడ్డం వాల్చి, మెల్లగా గురక పెట్టారు.

"మాస్టారు బతికున్నంతకాలం ఈ బడి ఆయనదే!" అన్నాడు కోజాదినోస్, ఒక్క తడబాటు లేకుండా.