పరుశురాం, పసుపు అల్మారా

పరుశురాంకు చెవులు రెండున్నా లెక్కకు ఒకటే. ఎడమ చెవిని పందొమ్మిదేళ్ల పాటు సాంచాలు తినేశాయి. సూరత్‌లో మనవాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. అరవై సాంచాలు ఒక్క కప్పు కింద ఆడే కార్ఖానాలో పిచ్చుక కూడా నోరు విప్పదని, పెళ్లాన్ని పిలవాలంటే రెక్క ఊపి సైగ చేస్తుందని పరుశురాం చెబుతాడు. నమ్మినవాళ్లకు ఛాయ్ తాగిస్తాడు. నమ్మనివాళ్లు ఎవరి ఛాయ్ వాళ్లే తాగాలి.

కుడి చెవి కూడా పోతుందని డాక్టర్ చెప్పిన రోజే అతను సాంచా వదిలేశాడు. "ఉన్న ఒక్క చెవి నీ కోసం దాస్కుంటున్న రాణీ" అన్నాడు భార్య విజయరాణితో.

"నా మాట ఇనని చెవి ఉంటేంది, పోతేంది?" అందామె. అని, అటు తిరిగి నవ్వుకుంది.

అప్పటి నుంచి ఆరేళ్లుగా చిన్న టెంపోలో ఒక కొరియర్ కంపెనీ పార్సిళ్లు పంచుతున్నాడు. రింగ్ రోడ్ పక్క గోదాంలో ఎత్తుకుని నవాగామ్ గల్లీల్లో దించుతాడు.

నవాగామ్‌లో పార్సిల్ ఇవ్వడం అంత తేలిక కాదు. పగటి డ్యూటీవాడు పొద్దున ఏడింటికి కార్ఖానాలోకి పోతే మళ్లీ ఏడింటికి గాని బయటపడడు. రాత్రి డ్యూటీవాడు అదే గదిలో, అదే మంచం మీద పగలంతా గుర్రు పెడుతుంటాడు. అతన్ని లేపడం కంటే పడుకున్న ఎద్దు తోక తొక్కడం మేలు. కార్ఖానాలో ఉన్నవాడికి ఫోన్ చేస్తే ఆ మోతలో వినపడదు. వాడి ఫోన్‌కు వచ్చిన నాలుగంకెలు చెబితే గాని పార్సిల్ ఇవ్వకూడదని కంపెనీ రూలు. మిగతా డ్రైవర్లు ఇక్కడికొచ్చేసరికి 'మనిషి లేడు' అని రాసుకుని వాపసు పోయేవారు.

పరుశురాం మాత్రం కార్ఖానా గుమ్మంలో నిలబడి పార్సిల్ పైకెత్తేవాడు. సాంచాల మధ్య బతికినవాళ్లు నోటితో కాదు, వేళ్లతో మాట్లాడుకుంటారు. లోపల నుంచి ఒకడు సాంచా ఆపకుండానే మూడు వేళ్లు, ఒక పిడికిలి, అయిదు వేళ్లు, రెండు వేళ్లు చూపేవాడు. మూడు, సున్నా, అయిదు, రెండు. పని అయిపోయింది. అయిదు దాటిన అంకె వస్తేనే చిక్కు. రెండు చేతులూ ఎత్తాలి, ఆ లోగా దారం తెగితే పరుశురాంకు బూతులు పడేవి. అవి కూడా వేళ్లతోనే.

ఇలా సాఫీగా సాగుతుండగా ఒక సోమవారం మందుల షాపు మూలన పసుపు రంగు అల్మారా ఒకటి వెలిసింది. ఇనుముది. నలభై తలుపులు, నడుమ అంకెల పలక, దాని పైన గుండ్రటి అద్దం.

"కాకా, యే దేఖో, కొత్త స్టాఫ్" అన్నాడు వినోద్. గోదాం మేనేజరు అతను. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడు. "పార్సిల్ దీంట్ల పెడ్తం. కస్టమర్ ఫోన్‌కు నాలుగంకెలు పోతయ్. వచ్చి కొట్టుకుంటే తలుపు తెరుచుకుంటది. డ్రైవర్ అవసరమే లేదు."

"మరి నేను?"

"పది దినాలు ట్రయల్ కాకా. సగం పార్సిళ్లు దానికి, సగం నీకు. పదో రోజు సాయంత్రం అయిదింటికల్లా ఎవరివి ఎక్కువ చేరితే వాళ్లే ఉంటరు."

"నేను ఓడితే?"

"టెంపో బంద్."

"అది ఓడితే?"

"వేరే ఊరికి పంపిస్తరు."

"దానికేమో బదిలీ, నాకేమో బంద్! ఇదేం ఇన్సాఫ్‌రా బిడ్డా?" అన్నాడు పరుశురాం. నవ్వుతూనే అన్నాడు గాని, కుడి చెవి దానంతటదే జివ్వుమంది. టెంపో బంద్ అయితే నలభై ఆరేళ్ల వయసులో పిలిచి పని ఇచ్చేది సాంచాలొక్కటే.

మొదటి మూడు రోజులు పరుశురాం ముందున్నాడు. నాలుగో రోజు కార్ఖానాలో బుచ్చిరాములు, వరుసకు బామ్మర్ది, తన పార్సిల్ అందుకున్నాక ఇంకో సైగ మొదలుపెట్టాడు. చేతులతో గాలిలో అల్మారా గీశాడు. తన కాళ్లు చూపించి తల అడ్డంగా ఊపాడు. నాలుగంకెలు చూపాడు. చివరికి దండం పెట్టాడు. 'నాదింకోటి ఆ డబ్బాల పడ్డది బావా. డ్యూటీ దిగినంక అంత దూరం నడవనీకి కాళ్లు రావు. జర తెచ్చిపెట్టు' అని దాని భావం.

నోటితో అడిగితే వినపడనట్టు నటించవచ్చు. దానికి ఎడమ చెవి ఉండనే ఉంది. వేళ్లతో అడిగితే ఏం చేస్తాం? పరుశురాం వెళ్లి అంకెలు కొట్టాడు. తలుపు టప్పున తెరుచుకుంది. పైన అద్దంలో తన ముఖం కనిపిస్తే, పనిలో పనిగా మీసం మెలేశాడు.

ఆ కబురు గల్లీలకు పాకింది. పక్క గల్లీ ఐలమ్మకు పలక మీది ఇంగ్లీషు రాదు. ఇంకొకామెకు ఆ డబ్బా కరెంటు కొడుతుందని భయం. అందరూ చీటీల మీద అంకెలు రాసిచ్చేవారు. పరుశురాం రోజుకు తొమ్మిది పదిసార్లు అల్మారా తలుపులు తీసి, ప్రతిసారీ మీసం మెలేసి, ఆ పార్సిళ్లు ఇళ్లకు చేరవేసేవాడు. తెరుచుకున్న ప్రతి తలుపూ అల్మారా ఖాతాలో పడేది.

"పందెంల ఉరికేటోడు పక్కోన్ని భుజాల మీద ఎక్కించుకుంటడా?" అని విజయరాణి పళ్లెం ఠక్కున పెట్టింది.

"అడిగితే కాదంటనా?"

"నేనడిగితే కాదంటవ్ గదా!"

పదో రోజు సాయంత్రం నాలుగింటికి వినోద్ ఫోన్ చేశాడు. "కాకా, ఎనభై ఏడు, ఎనభై ఏడు. బరాబర్! నీ టెంపో ఖాళీ. అల్మారాల ఒక్కటే మిగిలింది. అది అయిదు దాకా అట్లనే ఉంటే బరాబరే. పైవాళ్లతోని నేను మాట్లాడ్త. ఇంటికి పోయి పండుకో."

పరుశురాం బుద్ధిగా ఇంటికి పోయాడు. మంచం మీద కూర్చున్నాడో లేదో అంకెల చీటీ పట్టుకుని గుమ్మంలో బాలవ్వ ప్రత్యక్షమైంది. డెబ్బై ఏళ్ల మనిషి, చీరలకు మెరుపు రాళ్లు అతికించి పొట్ట పోసుకుంటుంది.

"కొడుకా, నా కండ్లద్దాలు ఆ పసుపు డబ్బాల పడ్డయట. పాతవాటి మీద అల్లుడు కూసున్నడు. పొద్దటి సంది చీరకు రెండు రాళ్లు అతికితే, నా బొటనేలుకు ఆరు అతికినయ్. సేఠ్ మనిషి ఆరింటికి చీరలకొస్తడు."

విజయరాణి పరుశురాం వైపు చూసింది. పరుశురాం గడియారం వైపు చూశాడు. నాలుగున్నర.

"అవ్వా, అయిదు దాటినంక పోత" అన్నాడు.

"గట్లనే కానీ బిడ్డా" అంది బాలవ్వ. బొటనవేలు ఎండలో తళతళ మెరుస్తుండగా గోడ తడుముకుంటూ మెట్టు కోసం కాలు చాపింది. కాలు మెట్టుకు జానెడు అవతల పడబోయింది.

విజయరాణి ఆమె చేయి పట్టుకుని ఆపింది. కొక్కేనికి ఉన్న టెంపో తాళం తీసి మొగుడి ఒళ్లోకి విసిరింది. "పో! నువ్వు సాంచాలకు పోతే నేను కూడా వేళ్లతోనే తిడ్త తియ్!"

నాలుగూ యాభైకి తలుపు టప్పుమంది. అల్మారా ఎనభై ఎనిమిది, పరుశురాం ఎనభై ఏడు. అలవాటు కొద్దీ మీసం మెలేశాడు గాని, ఈసారి మీసంలో పస లేదు.

ఏడింటికి వినోద్ ఇంటికే వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. ఏడ్చాడేమోనని విజయరాణి నీళ్లిచ్చింది. తీరా చూస్తే నవ్వి నవ్వి అలా అయ్యాడు.

"కాకా, ఆ అద్దం అద్దం కాదు, కెమెరా! తలుపు తీసినప్పుడల్లా ఫోటో తీస్తది. పైవాళ్లు కస్టమర్ల మొఖాలు చూస్తమని తెప్పించిన్రు. ఎనభై ఎనిమిది ఫోటోలల్ల అరవై ఒకటి నీయే! అన్నిట్ల మీసమే!"

ఫోన్‌లో వరుసగా పరుశురాంలు. కుడి మీసం, ఎడమ మీసం, తుమ్ము వస్తుండగా మీసం.

"పైవాళ్లేమన్నరు?" అంది విజయరాణి.

"'ఈ అల్మారాను నడిపిస్తున్నదెవరు?' అని అడిగిన్రు. డ్రైవరే అన్న. అల్మారా ఉంటది, టెంపో ఉంటది, రెండిటికీ కాకానే. ఒక సంవత్సరం పక్కా."

"సంవత్సరం తర్వాత?"

వినోద్ తల గోక్కున్నాడు. "డ్రోన్ అంటున్నరు కాకా. గాల్ల ఎగిరొచ్చి పార్సిల్ దించుతదట."

"రానీ" అన్నాడు పరుశురాం, పోయిన పస మీసంలోకి తిరిగి ఎక్కుతుండగా. "సూరత్‌ల పతంగుల మాంజా తగలకుండ ఏ డ్రోన్ ఎగుర్తదో నేను జూస్త. తీగల మీద చిక్కుకుంటే నిచ్చెన వేసుకొని దించనీకి ఒక మనిషి గావాలె గద?"

సేఠ్ మనిషికి చీరలిచ్చేసి వచ్చి కూర్చున్న బాలవ్వ కొత్త అద్దాలు సర్దుకుని, వినోద్ చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఒక్కో ఫోటో తీరిగ్గా చూసింది. ముప్పయ్యో ఫోటో దగ్గర ఆగి పరుశురాంను దగ్గరికి రమ్మంది.

"కొడుకా, కుడి దిక్కు మీసం జర ఎక్కువున్నది. రేపు ఫోటో దిగే ముంగట సాఫ్ చేస్కో."