పండుంకు ముందు కొరికిన కాయ

మా అమ్మాయికి పరీక్షలు అయిపోగానే ఏటా మేము ముగ్గురం కారెక్కి అడవిలో పడతాం. మా ఆయన సరిహద్దు అవతల, హిందీ రాష్ట్రంలోని బచేలిలో ఇనుప గని ఉద్యోగి. కంపెనీ క్వార్టర్లలో ఉంటాం. గని దుమ్ముకు ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి కావి రంగు తేలుతుంది. అందుకని ఎండలు ముదరకముందే, ఇప్పపూలు రాలే రోజుల్లోనే బయటపడాలని మా ఇంటి నియమం. ఒక ఏడు జలపాతం, ఒక ఏడు గుహ, ఒక ఏడు వెదురు తెప్ప మీద వాగు ప్రయాణం.

ప్రతి చోటా ఎవరో ఒకరు ఒక మహిమ చెబుతారు. ఈ రాయి పెరుగుతుందంటారు, ఈ మడుగుకు అడుగు లేదంటారు. ఎవరు కొలిచారని నేను అడుగుతాను. మా నాన్న కృష్ణా జిల్లాలో ఊరూరా సభలు పెట్టి బాబాలతో వాదించినవాడు. సాక్ష్యం ఏదన్న మాట నాకు అన్నం ముద్దతో పాటు తినిపించాడు. నా పెళ్లి కూడా మంత్రాలు లేని పెళ్లే. అయితే నా వెంట తిరిగేవాళ్లకు ఇది సుఖంగా ఉండదని ఒప్పుకోవాలి. "అమ్మ వస్తే దేవుడు కూడా హాల్‌టికెట్ చూపించాలి" అంటుంది మా అమ్మాయి.

మొన్నటి వసంతంలో కిష్టారం దాటాక ఉన్న ఒక పల్లెకు వెళ్లాం. పిలిచింది దోర్ల తెగకు చెందిన ఒక స్త్రీ. అంతకుముందు వానాకాలంలో ఆమె తమ్ముణ్ణి తీసుకుని బచేలి ఆసుపత్రికి వచ్చింది. దోర్లీ వచ్చు, సరిహద్దు తెలుగు వచ్చు, డాక్టర్ల హిందీ మాత్రం రాదు. ఆమె మాటను హిందీలోకి, డాక్టరు మాటను తెలుగులోకి మార్చే పని నాకు పడింది. తమ్ముడు కోలుకునేదాకా మా ఇంట్లోనే ఉంది. భర్త చనిపోయాడు, పిల్లలు లేరు. వాగు ఒడ్డున కొంచెం పొలం, ఆ పొలంలో ఒక మామిడిచెట్టు, ఇదీ ఆమె ఆస్తి. ఆ పొలానికి అటూ ఇటూ ఉన్నవి మరిది పొలాలు. పుట్టింటికి పొమ్మని మరిది పోరుతున్నాడని మా వంటింట్లో చెప్పింది. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మామిడి పండుంకు రావాలె అక్క, బిడ్డను తీస్కొని" అంది. పండుం అంటే అక్కడ పండుగ. కొత్త మామిడికాయను ఊరి దేవతకు పెట్టి, ఆ తర్వాతే ఊరంతా తినే పండుగ.

ఆ ప్రయాణంలో ఎవరూ ఎవర్నీ నమ్మలేదు. సుక్మా దాటాక ఒక క్యాంపు దగ్గర జవాను కారు ఆపాడు. ఎక్కడికి, ఎందుకు అని అడిగాడు. మామిడికాయలు తినడానికని మా ఆయన నిజమే చెప్పాడు. "బచేలీ మే ఆమ్ నహీ మిల్తా క్యా?" అని జవాను డిక్కీ తెరిపించాడు. బచేలీలో మామిడికాయలు దొరకవా అని అడిగే హక్కు అతనికి ఉంది. అడవిలో కాయ కోసం అంత దూరం వచ్చేవాళ్లను నేనైనా నమ్మను.

ఇంకొంత దూరం పోయాక రోడ్డుకు అడ్డంగా ఒక చెట్టు మొద్దు కనబడింది. ఈ ప్రాంతంలో అడ్డంగా పడిన మొద్దుకు చాలా ఏళ్లు ఒకటే అర్థం ఉండేది, నక్సలైట్లు దారి కాశారని. మా ఆయన చెయ్యి రివర్స్ గేరు మీద పడింది. అంతలో పొదల్లోంచి పదిమంది ఆడవాళ్లు పాడుతూ వచ్చి కారు చుట్టూ నిలబడ్డారు.

"ఏంది సారూ, గంత భయమా? మేమేమన్న మింగుతమా?"

పండుం చందా అట. చిల్లర ఇస్తే మా అద్దాల మీద బిందెడు నీళ్లు కుమ్మరించి, మొద్దు పక్కకు లాగారు. పండుగ పేరుతో దారి కాసి వసూలు చెయ్యడం ఎక్కడి న్యాయమని నేను గొణుగుతుంటే, "ఇది వినాయక చవితి కమిటీ కంటే చవకే" అన్నాడు మా ఆయన.

పల్లె చేరాక మా అమ్మాయి వాగు వదల్లేదు. మమ్మల్ని పిలిచినామె, మా అమ్మాయి చెరో కొస పట్టుకుని పాతచీరతో చిన్నచేపలు పట్టారు. ఇసుకలో చెలమ తీసి నీళ్లు తాగారు. తేనెటీగలకు భయపడకుండా తుట్టె కింద ఎలా నడవాలో ఆమె నేర్పింది. పొలంలో మామిడిచెట్టు గుత్తులు గుత్తులుగా కాసి ఉంది. మా అమ్మాయి చెయ్యి చాపింది. ఆమె సున్నితంగా ఆ చెయ్యి కిందికి దించింది.

"రాలిన కాయ కూడ ముట్టొద్దు బిడ్డ. ఎల్లుండి పండుం అయినంక తిందాం."

"తింటే ఏమవుతుంది?" అన్నాను నేను. ఊరుకోలేను కదా.

"ఏమైతదో మేమెప్పుడు తిని చూడలే."

నాకు నవ్వొచ్చింది. పిందెలన్నీ తెంపేసుకోకుండా టెంక ముదిరేదాకా ఆగమనే కట్టుబాటులో కొంత తెలివి ఉంది. కానీ కట్టుబాటు ఉన్నచోట దాన్ని కర్రలా వాడుకునేవాడు ఒకడు ఉంటాడని నాన్న సభల్లో నేర్చుకున్నాను. ఆ కర్ర ఎవరి చేతిలో ఉందో చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే కనబడింది. మరిది ఒక మోదుగాకు పట్టుకుని వచ్చాడు. ఆకులో సగం కొరికిన పచ్చి మామిడికాయ ఉంది. అతను కేకలు వేస్తే నలుగురూ ఇప్పచెట్టు కింద చేరారు. ఊరి పటేలు వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"వదినె చెట్టు కింద దొరికింది" అన్నాడు మరిది. "పండుం కాకముందే తిన్నది. నిరుడు నా ఎద్దు సచ్చింది. మొన్న నా బిడ్డకు జరం. ఎందుకైతున్నదో ఇప్పుడన్న ఎరుకైతున్నదా? ఈమె చేతబడి చేసేటిది."

ఆ మాటతో ఆడవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. దీన్నే హిందీలో టోన్హీ అంటారు. ఎవరినైనా ఆ మాట అనడమే ఈ రాష్ట్రంలో నేరం. అయినా అంటారు. అన్న తర్వాత ఆ ఆడమనిషి ఊళ్లో నిలవలేదు. ఆమె పొలం ఎవరికి చేరుతుందో చెప్పడానికి సోది గింజలూ వద్దు, పూనకాలూ వద్దు. అటూ ఇటూ ఎవరి పొలాలు ఉన్నాయో చూస్తే చాలు. ఆమె కొంగు కొసను వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది.

అప్పుడు నేను అందరి ముఖాలూ చూశాను. మా ఆయనకు పచ్చి మామిడికాయంటే ప్రాణం. పొద్దున్నే వాగు వెంట తిరిగి వచ్చాడు. చొక్కా జేబులో ఉప్పూకారం పొట్లం ఎప్పుడూ ఉంటుంది. నేను చూస్తే అతను వాగు వైపు చూశాడు. మా అమ్మాయి అతని వెంటే తిరిగింది. ఇప్పుడు నా వెనక దాక్కుంది. మరిది మీద అనుమానం సరేసరి. కాయ తెచ్చి ఆకులో పెట్టినవాడే దాన్ని కొరికి ఉండొచ్చు.

పటేలును అడిగి కాయను దగ్గరగా చూశాను. గాట్లు తాజాగా ఉన్నాయి. పైపళ్లు వరసగా, ఎక్కడా సందు లేకుండా దిగాయి. నా ఒంట్లో మా నాన్న లేచి నిలబడ్డాడు.

"ఈమె నోరు చూడండి" అన్నాను. "పైన ముందుపళ్లు రెండు లేవు. వాగులో జారిపడి విరిగాయని మీ అందరికీ తెలుసు. ఈమె కొరికితే గాటు మధ్యలో సందు ఉండాలి. ఉందా? ఈ కాయ ఈమె కొరికింది కాదు."

జనం ముందుకు వంగారు. కాయ చేతులు మారింది. ఒక ముసలామె కిసుక్కున నవ్వింది.

"నిజమే! దీని నోట్ల దర్వాజ ఎప్పుడు తెరిచే ఉంటది."

నలుగురైదుగురు తలలూపారు. గెలిచాననుకున్నాను. సభలో ఎదుటివాడు మంచినీళ్ల గ్లాసు అందుకునే క్షణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మరిది గ్లాసు అందుకోలేదు.

"చేతబడి చేసేటోళ్లు సొంత నోటితోనే తినాల్నా?" అన్నాడు. "ఇంకోళ్ల నోటితో తింటరు."

ఊపిన తలలే మళ్లీ ఊగాయి, ఈసారి అటువైపు. ఆమె నిర్దోషి అనడానికి నేను చూపిన ఆధారం క్షణంలో ఆమె శక్తికి ఆధారం అయిపోయింది. ఎద్దు ముసలిదై చచ్చిందేమో అన్నాను. ఊళ్లో దోమలు ఎన్ని ఉన్నాయో చూడమన్నాను. నేను సాక్ష్యం పెంచేకొద్దీ ఆమె మహిమ పెరుగుతోంది. కోపంతో, "ఈ మాట అన్నందుకు జైలుకు పంపిస్తాను" అన్నాను.

ఆమె నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "పోలీసు మాట తియ్యకక్క. రేపు మీరు పోతరు. నేను ఈడనే ఉండాలె."

అది నిజం. ఆ ఊరికి జీపు వస్తే, తెచ్చింది ఆమే అంటారు. అప్పుడు మరిది ఒక్కడే కాదు, ఊరంతా ఆమె మీద అనుమానపడుతుంది.

పటేలు గొంతు సవరించుకున్నాడు. "మన లొల్లి ఎందుకు? రేపు పొద్దుగాల పూజారి గింజలు చూస్తడు. గింజ ఎవరి పేరు చెప్తే వాళ్లు."

పూజారి మరిది పక్కనే కూర్చుని ఉన్నాడు. ముందురోజు సాయంత్రం మరిది ఇంట్లోంచి మూతి తుడుచుకుంటూ రావడం నేను చూశాను. చుట్టమై వెళ్లి ఉండొచ్చు. అయినా ఆ చేతిలో ఉండే గింజలకు ఆమె బతుకును అప్పగించలేను.

"గింజలెందుకు? ఆ కాయ నేనే తిన్నాను" అన్నాను.

మా ఆయన నా వైపు గుడ్లప్పగించి చూశాడు. ఆమె నా మోచెయ్యి వదిలేసింది.

పటేలు నన్ను ఎగాదిగా చూసి, "తింటివి సరే. మొత్తం ఎందుకు తినలే?" అన్నాడు.

"పుల్లగా ఉంది."

ఇప్పచెట్టు కింద నవ్వు పేలింది. "గింత సదువుకున్నది! పచ్చి కాయ పుల్లగుంటదని తెల్వదా?" అంది ముసలామె. "బచేలిల తియ్యటి కాయలు కాస్తయేమో" అని ఇంకొకామె అందుకుంది. వెనక్కి వేసిన అడుగులు ముందుకు వచ్చాయి. బయటివాళ్లు, తెలియక తిన్నారు, వాగులో నోరు కడుక్కుని దేవతకు ఒక కోడిని ఇస్తే సరిపోతుందన్నాడు పటేలు.

మరిది ఒక్కడే నవ్వలేదు. "ఈమె అబద్ధమాడుతున్నది. సాక్ష్యమేంది?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేను ఊరిమీద వేస్తున్న ప్రశ్న నా మీదికే వచ్చింది. నా దగ్గర సాక్ష్యం లేదు. నేను అంటున్నది అబద్ధం, అతను అన్నది నిజం. నా పళ్లు ఆ గాట్లకు సరిపోతాయో లేదో నాకే తెలియదు. అతను కొలిచి చూడమనేలోగా ఆకులోంచి కాయ అందుకుని, పాత గాటు మీదే నిండుగా కొరికాను.

ఆడవాళ్లు "అయ్యో" అన్నారు. పళ్లు జివ్వుమన్నాయి, కళ్లలో నీళ్లు వచ్చాయి. నమిలి మింగాను. పాత గాటు లేదు. ఉన్నది నా గాటే. పండుంకు ముందు, దేవత కంటే ముందు, అందరి కళ్లముందు తిన్నది నేనే. ఇక కొలిచి చూడడానికి ఏమీ మిగల్లేదు. పటేలు మంచం మీంచి లేచాడు. లేస్తే తీర్పు అయిపోయినట్టే.

మర్నాడు పండుం బాగా జరిగింది. ఆమె కొత్త కాయను దేవత ముందు పెట్టి, కోసి, అందరితో పాటు మాకూ ముక్కలు పెట్టింది. ఆమెను ఎవరూ దూరంగా ఉండమనలేదు. నేను కడుపునిండా తినలేకపోయాను. పళ్లు ఇంకా పులిసే ఉన్నాయి. బయల్దేరేటప్పుడు ఆమె టేకాకులో కాయలు కట్టి మా అమ్మాయి ఒళ్లో పెట్టింది. నన్ను మాత్రం ఒక రకంగా చూసింది. నిజంగా తిన్నదా, నా కోసం తిన్నదా అని అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. అడగలేదు.

కారులో మా అమ్మాయే అడిగింది. "అమ్మా, మొదటి గాటు నీదేనా?"

"నీదా?"

"నాది కాదు. నాన్నదేమో."

"నేను తింటే సగంలో వదిలేస్తానా?" అన్నాడు మా ఆయన.

ఈ వాదంలో బలం ఉంది. అయినా ఆ దారిలో ఒక వాగు దగ్గర ఆగి మామిడికాయలు తింటుంటే ఇద్దరి గాట్లనూ ఓరకంట చూశాను. ఏమీ తేలలేదు. ఉడుత కొరికిందని మా అమ్మాయి సిద్ధాంతం. ఉడుతకు అంత వరసైన పైపళ్లు ఉండవన్నాను. "సాక్ష్యం నువ్వు తినేశావుగా" అంది.

తొలకరి పడ్డాక ఆమె ఫోన్ చేసింది. కిష్టారంలో టవరు కింద నిలబడితే మాట వినబడుతుంది.

"అక్క, పొలంల గింజ ఏసిన" అంది. "మొలక గూడ వచ్చింది."

"మరిది ఏమంటున్నాడు?"

"నన్నేమంటలేడు." ఆగింది. నవ్వు ఆపుకుంటోందని తెలిసింది. "మళ్ల జరం వచ్చింది బిడ్డకు. గిప్పుడు నిన్ను అంటుండు అక్క. బచేలి ఆమె చేతబడి చేసేటిది, అందరి ముందల పండుం కాయ తిన్నది, ఏం కాలే, ఉత్త మనిషైతే ఏమన్న కాకపోవునా అని."

నేను అడిగిన సాక్ష్యాలు, మా నాన్న సభలు అన్నీ ఆ టవరు కింద ఒక్కసారిగా కూలిపోయినట్టు అనిపించింది. ఆ నమ్మకాన్ని నేను పీకలేకపోయాను. ఆమె తల మీంచి తీసి నా తల మీద పెట్టుకున్నాను, అంతే. కానీ నేనుండేది బచేలిలో. నాకు అక్కడ పొలం లేదు, మరిది లేడు.

"అననీ. బిడ్డను ఆసుపత్రిలో చూపించమను, నేనే చెప్పానని చెప్పు. మంత్రగత్తె మాట వినకపోతే ఊరుకోదని చెప్పు" అన్నాను.

ఆమె పడిపడి నవ్వింది. "చెప్త. వచ్చే ఏడు వస్తవా?"

"వస్తాను."

"రా అక్క. గానీ పండుం నాడే రా. ముందుగాల రాకు."