క్లిప్పుల నొప్పి కాదది

కరోనా తగ్గి యూనివర్సిటీ మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది. తార్నాకలో మా డెంటల్ క్లినిక్ ఉన్న వీధి నిండా మళ్లీ విద్యార్థులే. బ్రేసెస్, అంటే అందరూ క్లిప్పులు అనేవి, పెట్టించుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ వయసువాళ్లే. అందుకే గ్రేస్ గారు వచ్చినప్పుడు పిల్లల కోసం అనుకున్నాను.

"నాకే మేడమ్," అన్నారామె. నలభై దాటాయి. క్యాంపస్‌లో ఒక డిపార్ట్‌మెంట్ ఆఫీసులో క్లర్కు. గుంటూరు వైపు నుంచి వచ్చి బౌద్ధనగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. "ఇప్పుడు కూడా చేయించుకోకపోతే ఇక ఎప్పటికీ చేయించుకోను."

వైర్ బిగించిన ప్రతిసారీ ఏమవుతుందో చెప్పాను. ఆ సాయంత్రం నుంచే పళ్లన్నీ పట్టేసినట్టుంటాయి, కొరికితే నొప్పి. మూడు నాలుగు రోజుల్లో తగ్గుతూ పోవాలి. బుగ్గకు గుచ్చుకుంటే మేమిచ్చే వ్యాక్స్, అంటే మెత్తటి మైనం, అద్దుకుంటే చాలు. తగ్గకపోయినా, ఒక్క పన్నే సలిపినా ఫోన్ చేయమన్నాను.

కొన్ని నెలలు బాగానే నడిచింది. ముందు పళ్లు సర్దుకోవడం చూసుకుని మురిసిపోయేవారు. తర్వాత ఒక అపాయింట్‌మెంట్‌కు రాలేదు. ఫోన్ చేస్తే, "అడ్మిషన్ల పని మేడమ్, వచ్చే వారం వస్తాను," అన్నారు. నొప్పేమైనా ఉందా అని అడిగాను. "ఆ, క్లిప్పుల నొప్పే, మామూలే."

చివరికి ఆమెను ఆఫీసులో పక్క సీటులో పనిచేసే రేణుక ఆటోలో పట్టుకొచ్చింది. కుడి దవడ కింద గట్టిగా వాపు. నోరు సరిగ్గా తెరుచుకోవడమే లేదు.

"పొద్దుగాల్నుంచి నీళ్లు గూడ మింగుతలేదు మేడమ్. ఒళ్లు కాలిపోతున్నది. ఇంటికి పోతా అంటది, నేనే ఇటు తీసుకొచ్చిన," అంది రేణుక.

మింగలేకపోతున్నారంటే ఇన్ఫెక్షన్ గొంతు వైపు దిగుతున్నట్టే. అది క్లినిక్‌లో చూసే పని కాదు. పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, నేనూ అదే ఆటో ఎక్కాను.

ఆపరేషన్ చేసి చీము తీశారు. ప్రాణం దక్కింది, పన్ను దక్కలేదు. వెనక దవడ పంటిలో పాత ఫిల్లింగ్ కింద పుచ్చు నరం దాకా పోయింది. ముందే తెలిస్తే రూట్ కెనాల్ చేసి, లోపల శుభ్రం చేసి మూసి, నిలబెట్టేవాళ్లమే.

కాస్త కోలుకున్నాక గ్రేస్ గారే వార్డులో చెప్పారు. "వేడి టీ తగిలితే ప్రాణం పోయేది మేడమ్. పడుకుంటే ఆ ఒక్క పన్ను గుండె కొట్టుకున్నట్టు కొట్టుకునేది. క్లిప్పుల నొప్పి కాదని నాకూ అనుమానం వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

ఆమె గోడ వైపు తిరిగారు. "మొదటి నెల నొప్పని పడుకుంటే, ఈ వయసులో సోకులకు పోతే అంతే అన్నారు మా ఆయన. మా అత్తగారు చర్చిలో నలుగురికీ చెప్పి నవ్వారు. మళ్లీ నొప్పంటే క్లిప్పులు తీయించేయమంటారని మాత్రలు వేసుకుని ఆఫీసుకెళ్లాను."

భయపడ్డదే జరిగింది. ఆ తర్వాత భర్తతో వచ్చారు. "అవి తీసేయండి మేడమ్," అన్నాడాయన. కోపం లేదు, బెదిరిపోయి ఉన్నాడు. ఎక్స్‌రే చూపించి, ఆ వాపు క్లిప్పుల వల్ల రాలేదని చెప్పాను. సగంలో తీస్తే పళ్లు మళ్లీ జరుగుతాయనీ చెప్పాను. ఆయన భార్య వైపు చూశాడు.

"తీసేయండి," అన్నారామె.

ఒక్కొక్కటీ ఊడదీస్తున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నారు. అద్దం ఇస్తే తీసుకోలేదు. ఇప్పటికీ క్లీనింగ్‌కు వస్తారు, క్లిప్పుల మాట మాత్రం ఎత్తరు. నాకూ ఎత్తడానికి నోరు రాదు.

ఇప్పుడు నేను ఫోన్‌లో నొప్పి ఉందా అని అడిగి ఊరుకోను. పళ్లన్నీనా, ఒక్కటేనా? తగ్గుతోందా, పెరుగుతోందా? వేడి తగిలాక లాగుతూనే ఉంటోందా? ఇవి అడిగితే మామూలే అని తప్పించుకోవడం కష్టం. క్లిప్పులు పెట్టే రోజు ఇంట్లోవాళ్లనూ రమ్మంటాను. నొప్పి అంటే నవ్వకండి, అని వాళ్ల ముందే చెబుతాను. ఈ డాక్టరమ్మకు ఇదెందుకు అన్నట్టు చూస్తారు కొందరు. చూడనీ.