రెండు ఊళ్లలో పూజలందుకున్న మిలిటరీ బండి

మా పెదనాయన కొడుకు పోయాడు. ఆ పొద్దున మేడ్చల్ నుంచి వదిన ఫోన్ చేసి, "మీ అన్న పోయిండు. వస్తవా రావా జెప్పు, లేకుంటే వేరేటోళ్లను జూస్కుంట," అని పెట్టేసింది. ఆమె మర్యాద ఎప్పుడూ అంతే. నేను శామీర్‌పేటలో మా వాకిట్లో పళ్లు తోముకుంటున్నాను. పోనన్నాను. మా ఆవిడ చేతిలో చీపురు కింద పడేసి, "పాలోళ్లకు ఇంట్ల కూసున్నా అంటు తగుల్తది. ఆయనకు కొడుకుల్లేరు. నిప్పు నువ్వు పట్టకుంటే ఎవరు పడ్తరు? లే ఇగ," అంది.

వెళ్లాను. ఇష్టంగా వెళ్లానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. చేతనైనంత రాస్తాను.

మా నాయినా, పెదనాయనా కలిసి మిలిటరీ వేలంలో ఒక పాత ట్రక్కు కొన్నారు. నాకంటే వయసులో పెద్దది. పెట్రోలు బండి. వాళ్లున్నన్నాళ్లూ దాంతో రాళ్లు తోలారు. దాని మీద నాకు డ్రైవింగ్ నేర్పింది అన్నే. క్లచ్ రెండుసార్లు తొక్కితే తప్ప గేరు పడేది కాదు. తప్పితే స్పానర్‌తో మోకాలి మీద ఒక్కటిచ్చేవాడు. "గేరు ఏడ్సిందంటే నువ్వు గూడ ఏడ్వాలె," అనేవాడు. ఈ రోజుకీ నా చేతిలో ఏ బండి గేరూ కిర్రుమనదు. అది ఆయన పుణ్యమే, కాదనను.

పెద్దవాళ్లిద్దరూ పోయాక బండి మేడ్చల్‌లో అన్న మెకానిక్ షెడ్డులో ఉండేది. అప్పటికి గుండ్లపోచంపల్లి వైపు అంతా కొత్త ఇళ్లు లేస్తున్నాయి. వానాకాలం సిమెంటు లారీలు బురదలో దిగబడితే లాగే బండి కావాలి. పాత ఇంజన్‌కు అంత దమ్ము లేదని, తుక్కులోకి పోతున్న ఒక పెద్ద లారీ డీజిల్ ఇంజన్ తెచ్చుకున్నాడు. నన్నొక్క మాట అడగలేదు. ఎవరో చెబితే పరుగెత్తుకుంటూ వెళ్లాను. షెడ్డులో గ్యాస్ కట్టర్ మండుతోంది. మా నాయిన ఇంజన్ గొలుసుకు వేలాడుతోంది, కోసి కట్టిన మేకలాగా.

"నాయిన బండి కోసినవ్! నీ చేతులు పడిపోను!" అని అరిచాను.

ఎదుటివాడు ఊగిపోతుంటే సన్న తీగతో తీరిగ్గా పళ్లు కుట్టుకోవడం ఆయనకు అలవాటు. అదే పని చేస్తూ, "ఇంజనంటే ఏంది తమ్మీ? పొయ్యి. పాత పొయ్యి పొగ జేస్తే కొత్తది పెట్టుకోమా?" అన్నాడు. ఆ తీగ లాక్కుని ఆయన నోట్లోనే గుచ్చుదామన్నంత కోపం వచ్చింది.

పంచాయితీ అయింది. పెద్దమనుషులు బండి ఆయనకు, పాత ఇంజన్ నాకు అని తీర్పు చెప్పారు. నవ్వొస్తే నవ్వండి. ఇంజన్‌ను ట్రాక్టర్ ట్రాలీలో తెచ్చి మా కొట్టంలో దుంగల మీద పెట్టాను. ఆ షెడ్డు గడప మళ్లీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. ఏటా దసరాకు మేడ్చల్‌లో ఆయన బండికి గుమ్మడికాయ కొట్టేవాడు, శామీర్‌పేటలో నేను ఇంజన్‌కు కొట్టేవాణ్ని. పంతానికి నాది కొంచెం పెద్ద కాయ ఉండేది.

కొత్త ఇంజన్ బలానికి వెనక చక్రాలను తిప్పే షాఫ్టు మెలి తిరిగి విరిగిందని తెలిసిన రోజు మా వీధిలో జిలేబీ పంచాను. ఆయన అంతకంటే లావు షాఫ్టు వేసుకున్నాడు. ఆ వానాకాలమే నా ట్రాక్టర్ చెరువు కింద పొలంలో ఇరుసుల దాకా దిగబడింది. ఎవరు చెప్పారో, ఆ బండి వేసుకుని వచ్చాడు. పిలవని పేరంటం. ఇనుప తాడు కట్టి ఒక్క గుంజుతో ట్రాక్టర్‌ను గట్టుకు చేర్చాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "పొయ్యి మంచిగ మండుతున్నది గదా తమ్మీ?" అని వెళ్లిపోయాడు. దిగనూ లేదు, చాయ్ తాగనూ లేదు. సాయం చేసి మరీ కడుపు మండించడం ఆయన దగ్గరే చూశాను.

నిప్పు పట్టాను. గుండు గీయించుకున్నాను. పదోరోజు అందరూ తిని వెళ్లాక వదిన షెడ్డు తాళంచెవి నా ముందు పడేసింది. "తీస్కపో. నీ ఇంజన్ నువ్వు పెట్టుకో. ఇగ నాకు గా సప్పుడు వద్దు."

"ఎక్కడ పెట్టుకోవాలె? అంతా కోసి పెట్టె గదా!" అన్నాను.

ఎంత కోశాడో చూపించి ఆమె నోరు మూయించాలని టార్చి పట్టుకుని బండి కిందికి దూరాను. డీజిల్ ఇంజన్ కింద వేరే అడ్డపట్టీలు ఉన్నాయి. అన్నీ బోల్టులతో బిగించినవే. ఆ రోజు గ్యాస్ కట్టర్‌తో కోసింది ఆ పట్టీలనే. బండి చట్రం మీద ఒక్క గాటు లేదు. మా నాయిన ఇంజన్ కూర్చునే నాలుగు ఇనుప పీటలూ ఉన్నచోటే ఉన్నాయి. తుప్పు పట్టకుండా నిండా గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, దారంతో కట్టి ఉన్నాయి. ఒకదాని గుడ్డ విప్పి వేలు పెట్టి చూశాను. గ్రీజు కొత్తది. బోల్టులు విప్పి ఆ ఇంజన్ దించితే, రేపే నాది ఎక్కించవచ్చు.

కిందనుంచే అరిచాను. "గిది నాకెందుకు జెప్పలేదు వదినా? ఆయనకు నోరు లేకుండెనా?"

"కోసినవ్ కోసినవ్ అని ఊరంత తిట్టినవ్. కోసినవా అన్నా అని ఒక్కనాడన్న అడిగినవా?" అంది. "అడిగితె జెప్త అనెటోడు."

అడిగితేనే చెబుతాడట! అంత పొగరు మనిషికి పనికిరాదు. అన్నవి, పెద్దవాడివి, తమ్ముడు తిట్టుకుంటూ తిరుగుతుంటే ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? బతికి ఉండగా కూడా ఆయన మీద నాకింత కోపం రాలేదు. ఆ బండి కింద పడుకునే నోటికొచ్చినట్టు తిట్టాను.

బయటికి వస్తుంటే పీటకు తగిలి నా గుండుకు గ్రీజు అంటుకుంది. వదిన కిరోసిన్ గుడ్డ అందించింది. చేతులు తుడుచుకుని గుడ్డ తిరిగి ఇచ్చేశాను. నడినెత్తిన ఆ నల్ల మరకతోనే శామీర్‌పేట దాకా ఆ మిలిటరీ బండి నడుపుకుంటూ వచ్చాను.