పిలుపులక్క ఆదివారాలు

పొద్దున్నే, జనానికి మ్యూజియం తలుపులు తీయకముందే ఆమె వచ్చేది. చెప్పుల చప్పుడు కాకుండా హాలు హాలుకూ తిరిగి ప్రతి బల్ల మీదా కాసేపు కూర్చునేది. వెలుగు కళ్లలో పడుతోందా, బల్ల కాలేమైనా ఊగుతోందా, పెద్దవయసు వాళ్లు లేవాలంటే చేతికి ఆసరా ఉందా అని చూసుకునేది. ఊగే కాలి కింద అట్టముక్క మడిచి పెట్టేది. "ఇంత పెద్ద భవనంలో అన్నీ బొమ్మల కోసమే చేశారు. మనుషుల కోసం చేసినవి ఈ బల్లలొక్కటే. వీటినైనా సరిగ్గా చూసుకోవద్దూ?" అనేది.

జనాన్ని మ్యూజియానికి రప్పించడం, వచ్చినవాళ్లకు అక్కడ పరాయితనం లేకుండా చూడటం ఆమె ఉద్యోగం. గది తలుపు మీద ఆ ఉద్యోగం పేరు రెండు వరుసలు ఉండేది. దాన్ని పూర్తిగా పలికిన పుణ్యాత్ములు ఎవరూ లేరు. ఎదురుపడిన ప్రతివాళ్లనీ "ఒకసారి మా దగ్గరికి రాకూడదూ" అంటుంది కనుక అందరూ పిలుపులక్క అనేవారు.

ఇంట్లో భర్త బడిపంతులు. "ఊరందర్నీ పిలుస్తావు, మా చెల్లెల్ని మాత్రం మనింటికి పిలవవు" అని ఏడిపించేవాడు.

"నేను పిలిచేదాకా మీ చెల్లెలు ఆగితే కదండీ" అనేది ఈమె.

అత్తగారు మాత్రం కోడలి పక్షం. ఆదివారం పొద్దున కళ్లు మూసుకుని, "తండ్రీ, ఇవాళ మా పిల్ల బల్లల మీద నలుగురిని కూర్చోబెట్టు" అని పైకే వేడుకునేది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా పిలుపులక్క వంటింట్లో గరిటె ఆపి నిలబడిపోయేది. మన కోసం ఇంకొకరు దేవుణ్ణి అడగడం కంటే పెద్ద కానుక ఏముంటుంది?

ఆ ప్రార్థన ఎందుకంటే, మ్యూజియం వెనక సందులో ఇస్త్రీ చేసేవాళ్లు, పరుపులు కుట్టేవాళ్లు, సైకిళ్లు బాగుచేసేవాళ్లు ఏళ్లుగా ఉంటున్నారు. ఆ ఎత్తయిన గోడ నీడలోనే బతుకుతున్నా లోపలికి వచ్చినవాళ్లు లేరు. వాళ్ల కోసమే పిలుపులక్క ఆదివారం ఒక గంట పెట్టించింది. పెద్ద హాల్లో ఒకే బొమ్మ ముందు కూర్చోవడం, ఎవరికి కనిపించింది వాళ్లు చెప్పుకోవడం. పాఠం లేదు, ప్రశ్నలు లేవు, టికెట్టు లేదు. గోడంత బొమ్మ అది. ఏటి ఒడ్డున మూటలతో జనం, నడుమ నీళ్లలో ఒక పడవ.

మొదటి ఆదివారం సందు సందంతా వచ్చింది. తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ మరుసటి వారం సగం మందే వచ్చారు. తరవాత బల్లలు ఖాళీ.

డైరెక్టరుగారు చెడ్డవారు కారు. పిలిచి కూర్చోబెట్టి, "నీ కష్టం నాకు తెలుసమ్మా. కానీ ఖాళీ బల్లలకు ఎన్నాళ్లని కాపలా పెట్టించను? ఈ ఆదివారం చూద్దాం. రాకపోతే ఆ గంట ఎత్తేద్దాం" అన్నారు. ఒకసారి ఎత్తేస్తే సందువాళ్లకు మళ్లీ తలుపు తీసేవాళ్లు ఉండరని పిలుపులక్కకు తెలుసు.

ఆ సాయంత్రమే సందులో ఇస్త్రీ పిన్ని బండి దగ్గరికి వెళ్లింది.

"ఏం పిన్నీ, మా మీద అలిగారా?"

"అలకెందుకమ్మా, పనులు."

"ఆదివారం కూడానా?"

"ఆదివారమే కదే జనానికి చొక్కాలు గుర్తొచ్చేది!" అని నవ్వి, చేతిలో ఉన్న చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కి నొక్కి తిప్పింది. ఆ కాలరు ఎప్పుడో చదునైంది. చివరికి పెట్టె పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "నీతో చెప్పకూడదనుకున్నా. అక్కడ గార్డు ఉంటాడే, ఆయన మమ్మల్నే చూస్తుంటాడు. మా ఆయనకి ఆ బొమ్మలో మేక కనపడింది. చూపిద్దామని చెయ్యెత్తాడు. గార్డు గొంతు సవరించుకున్నాడు. అంతే, ఎత్తిన చెయ్యి దించి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి, 'మనకెందుకే ఆ బొమ్మలు' అన్నాడు."

పిలుపులక్క తల తిప్పి మ్యూజియం గోడ వైపు చూసింది.

"ఆ గార్డునేం అనకు తల్లీ" అంది పిన్ని కంగారుగా. "మంచాయనే. మా పిల్ల దగ్గుతుంటే తన సీసాలో నీళ్లిచ్చాడు. ఆ చూపే, ఏదో ఎత్తుకుపోతామేమో అన్నట్టుంటుంది."

మర్నాడు మ్యూజియం తెరిచాక పిలుపులక్క పెద్ద హాల్లో బల్ల మీద కూర్చుంది. గార్డు బాబాయి బొమ్మ ముందు నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లు ఆమె మీదుగా వెళ్లగానే తెలియకుండానే ఆమె నడుము సర్దుకుంది, చేతులు ఒళ్లో పెట్టుకుంది. రోజూ అన్ని బల్లలూ కూర్చుని చూసింది గానీ, గార్డులు ఇంకా రాని వేళలో చూసింది! కాళ్లు చూసింది, వెలుగు చూసింది, ఎదురుగా నిలబడే మనిషిని చూడలేదు.

కింద ఆఫీసులో సంగతి విన్న ఒకాయన, "ఒక్క మాట చెప్తే బాబాయిని నాణేల గదికి మార్చేస్తారు, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. నిజమే. కానీ ఆ హాలు బాబాయికి ఇల్లు. దారి తప్పిన పిల్లల్ని తల్లుల దగ్గరికి చేర్చేదీ, మెట్లెక్కలేని వాళ్లకు చెయ్యి అందించేదీ ఆయనే. సందువాళ్ల మనసు నిలబెట్టడానికి ఆయన మనసు విరవడం ఏ దేవుడు మెచ్చుతాడు? పిలుపులక్క ఆ ఒక్క మాట చెప్పలేదు. వెళ్లి డైరెక్టరుగారితో ఇంకేదో మాట్లాడి వచ్చింది.

శనివారం హాలు ఖాళీ అయ్యాక బాబాయి దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, ఆ పడవ వస్తోందంటారా, పోతోందంటారా?"

"ఏ పడవ?"

"మీ వెనక ఉందిగా!"

బాబాయి తిరిగి చూడలేదు. "బాగా అడిగావమ్మాయ్. దానికి వీపు పెట్టి నిలబడటమేగా నా ఉద్యోగం. నేనటు చూస్తుంటే ఇటు ఎవరు చూస్తారు?"

"అయితే మీరు దాన్ని కూర్చుని చూసిందే లేదా?"

"తుడిచే రోజు చూస్తా, దుమ్ముందో లేదో" అని నవ్వాడు. ఆ నవ్వు ఆగాక నెమ్మదిగా, "నీ ఆదివారం జనం రావట్లేదటగా. నా వల్లేనా?" అన్నాడు.

పిలుపులక్క అబద్ధం ఆడలేదు. "మీ వల్ల కాదు బాబాయ్, మీరు నిలబడే చోటు వల్ల. అది చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు."

బాబాయి చొక్కా గుండీ తడుముకున్నాడు. "నన్ను మార్చమని అడిగావా?"

"అడిగాను. గది మార్చమని కాదు, చోటు మార్చమని. రేపు ఆ గంట తలుపు దగ్గర ఇంకొకరు నిలబడతారు. మీరు బల్ల మీద కూర్చోవాలి."

"యూనిఫాం వేసుకునా?"

"వేసుకునే. అది వేసుకున్న మనిషి తమ పక్కన కూర్చోవడం వాళ్లు చూడాలి."

"నాకు మాట్లాడటం రాదమ్మాయ్. ఇన్నేళ్లూ ష్ అనడమే తప్ప."

"మీరేం చెప్పొద్దు. ఇస్త్రీ పిన్నినీ వాళ్లాయన్నీ తీసుకొచ్చే పూచీ నాది, చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను."

బాబాయి అప్పుడు తిరిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ ఎత్తి, ఒడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు.

"ఎక్కడ కూర్చోమంటావు?"

"పిన్ని వాళ్లాయన పక్కన" అంది పిలుపులక్క. "ఆయనకి ఇందులో మేక కనపడిందట. నాకీ ఒక్క సాయం చెయ్యండి బాబాయ్. అదెక్కడుందో చూపించమని ఆయన్ని మీరే అడగండి."